ప్లేటు మీద పేరు

ఆ అట్టపెట్టెను మంటకు దూరంగా పెట్టరా నాన్నా. వినైలు వేడిని తట్టుకోలేదు. ఎండలో కాసేపు వదిలేస్తేనే అంచులు వంకరపోతాయి, ఇక భోగిమంట సెగ తగిలిందంటే సూది దాని మీద నిలవదు. అదిగో, ఆ అరుగు మీద నిలబెట్టు. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, రికార్డును ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. అమ్మలూ, పిడకల దండ అప్పుడే వెయ్యకు, ముందు దుంగలు అంటుకోనీ.

రాత్రి నువ్వా రికార్డు వేస్తే మీ నాన్న తలుపులు మూసుకున్నాడు. నేను మాత్రం మొదటి నుంచి చివరిదాకా విన్నాను. పద్దెనిమిది పాటలు, అన్నీ కలిపి పాతిక నిమిషాలు. మీకది వింతగా ఉండొచ్చు గానీ నాకు ఆ కొలత కొత్త కాదు. నా చిన్నతనంలో పాట అంటేనే మూడు నిమిషాలు. చెప్పదల్చుకున్నది ఆ మూడు నిమిషాల్లో చెప్పెయ్యాలి, లేకపోతే ప్లేటు అయిపోతుంది. నీ పంకు బ్యాండు డిసెండెంట్స్ వాళ్ళకి ఆ గడియారం లేదు, అయినా అలాగే పాడారు. కోపం ఉన్నవాడు సాగదీయడు. అది నాకు నచ్చింది.

ఆ కుర్రాళ్ళ సంగతి, కుర్రాళ్ళేమిటి, ఇప్పుడు అరవై దాటినవాళ్ళు, వాళ్ళ సంగతి నువ్వు చదివి వినిపించావు కదా. అందులో నన్ను పట్టి ఊపినది ఒకటుంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీకు ప్లేటు అంటే ఏవిటో తెలియాలి. ప్లేటు తెలిస్తేనే దాని మీద పేరు సంగతి తెలుస్తుంది.

మాది యానాం. నేను పుట్టేనాటికి అది ఫ్రెంచివాళ్ళది. చుట్టూరా గోదావరి జిల్లా, మధ్యలో ఫ్రెంచి జెండా. బాల్యవివాహాలు కూడదని ఇంగ్లీషువాళ్ళ హద్దులో శారదా చట్టం తెచ్చాక, ఆ చట్టం వర్తించని మా ఊరికి పెళ్ళిళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవారు. కల్యాణపురం అనేవారు మా ఊరిని. ఆ పెళ్ళిళ్ళు మంచివని నేననను. బొమ్మలతో ఆడుకునే పిల్ల మెడలో పుస్తె కట్టించడం మంచి ఎలా అవుతుంది? కానీ మా ఊరివాళ్ళు గ్రాంఫోను మొదట విన్నది ఆ పందిళ్ళలోనే అని మా నాన్న చెప్పేవాడు. మా రోజులకి అది పందిట్లోంచి అరుగు మీదకొచ్చింది. కలిగినవాళ్ళ అరుగు మీద పెట్టి కీ ఇస్తే వీధి వీధంతా చేరేది. కుక్క గుర్తు ప్లేట్లు. నాటకం పద్యాలు. ఒక వైపు అయిపోగానే సూది మార్చి, ప్లేటు తిరగేసి, మళ్ళీ కీ ఇచ్చేలోపు ఎవరో ఒకరు ఆ పద్యాన్నే అందుకునేవారు.

ఆ ప్లేటు దేంతో చేసేవారో తెలుసా? లక్క. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ చెట్ల మీద, కుసుమ చెట్ల మీద పురుగులు పెట్టే లక్క. ఆదివాసులు కొమ్మల మీంచి గీకి తెస్తే, శుభ్రం చేసి కలకత్తా రేవులో ఓడలకెక్కించేవారు. దాంట్లో రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చు వేస్తే ప్లేటు. ప్రపంచంలో ఎక్కడ ఎవరు పాడినా, అమెరికాలో పాడినా జర్మనీలో పాడినా, ఆ పాట నిలబడింది చాలావరకు మన అడవి లక్క మీదే. 1942లో యుద్ధం ముమ్మరమయ్యి లక్క దొరకడం గగనమైతే అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకం మీద కోత పెట్టింది. అక్కడ పాటలకు కరువొచ్చింది మన చెట్ల సరుకు అందక! ఈ సంగతి మన పిల్లలకి బళ్ళో ఎవరూ చెప్పరు. ఆ లక్క గీకినవాళ్ళ పేరు ఏ ప్లేటు మీదా ఉండదు.

రాతిపొడి ఎందుకన్నావు కదూ? మంచి ప్రశ్న. అప్పటి సూది ఉక్కుది. ప్లేటు మీద పెట్టగానే ఆ రాతిపొడి సూది మొనను అరగదీసి, గాడి ఎలా ఉందో అలా మలిచేది. మొదటి కొన్ని చుట్లలోనే ఆ పని అయిపోయేది. తర్వాత ఆ సూది ఆ గాడికే పనికొచ్చేది. అందుకే ఒక్క వైపు మోగాక దాన్ని పారెయ్యాలి. పొదుపు కోసం అదే సూదితో నాలుగైదు వైపులు వాయించినవాళ్ళ ప్లేట్లు నా దగ్గరికి వస్తే చూడగానే తెలిసేది. నిగనిగలాడాల్సిన నలుపు బూడిద రంగుకి తిరిగిపోయి ఉండేది. నిమిషానికి 78 చుట్లు. పది అంగుళాల ప్లేటు. మూడు నిమిషాల పైచిలుకు.

ఇక్కడికి, ఈ పుదుచ్చేరికి నేను వచ్చింది విలీనం కాగితాల మీద కూడా పూర్తయిన కొత్తలో. 1954 జూన్‌లో యానాం విముక్తి అయ్యింది, అదే ఏడు నవంబరు ఒకటిన ఇక్కడ జెండా మారింది. కానీ ఫ్రెంచి పార్లమెంటు ఒప్పుకుని చట్టప్రకారం అప్పగించడం 1962 ఆగస్టు 16న. అప్పటికి నేను మీసాలొచ్చిన కుర్రాణ్ణి. ఫ్రెంచి నాలుగు ముక్కలు వచ్చు, స్క్రూడ్రైవరు పట్టడం వచ్చు. నెహ్రూ వీధికి పక్క సందులో రేడియోలు, గ్రాంఫోన్లు బాగుచేసే కొట్లో కుదిరాను. నెహ్రూ వీధిని పెద్దవాళ్ళింకా డూప్లే వీధి అనే అనేవారు.

ఆ కొట్టుకి ఎవరెవరు వచ్చేవారనుకున్నారు? సొల్దాలు ముందు. ఫ్రెంచి సైన్యంలో చేసి, ఇండోచైనా చూసి, పింఛను తీసుకుంటూ ఊళ్ళో ఉన్న మన తమిళ సొల్దాలు. సైగాన్‌లో కొన్న పెట్టె గ్రాంఫోను చేత పట్టుకుని వచ్చేవారు. లోపల ఎడిత్ పియాఫ్, తీనో రోస్సీ. వాళ్ళ వెనకే చెట్టియార్ల ఇళ్ళ నుంచి పెళ్ళి సన్నాయి ప్లేట్లు. ఇటు ముత్యాలపేట నాయుళ్ళ ఇళ్ళ నుంచి మన తెలుగు పద్యాలు. ఒకే బల్ల మీద పారిసు, తంజావూరు, బందరు. స్ప్రింగు తెగితే డబ్బా విప్పి, పాత గ్రీజు కిరసనాయిల్‌తో కడిగి, గ్రాఫైటు పూసి మళ్ళీ చుట్టేవాణ్ణి. చుట్టేటప్పుడు చెయ్యి జారిందో, ఆ ఉక్కు పట్టీ వేళ్ళు తెగ్గొట్టేస్తుంది. సౌండు బాక్సులో అభ్రకం రేకు పగిలితే కొత్తది బిగించడం ఇంకో పని. ఆ రేకు మన నెల్లూరు గనులదైనా కావచ్చు, గూడూరు అభ్రకానికి అప్పట్లో అంత పేరు.

అక్కడే నేను ప్లేటు చదవడం నేర్చుకున్నాను. ఇలా రా, నీ రికార్డు ఒకసారి తొడుగులోంచి తియ్యి. అంచులు మాత్రమే పట్టుకో, వేలు గాళ్ళ మీద పడకూడదు. ఇప్పుడు మంట వెలుగుకి కాస్త వాల్చు. కనిపిస్తోందా? నల్లగా నున్నగా ఉన్నచోట పాట నెమ్మదిగా ఉన్నట్టు. తెల్లటి పొడలా మెరుస్తున్నచోట గట్టిగా వాయించినట్టు. నీ ప్లేటు చూడు, అంచు నుంచి లోపలి దాకా ఒకటే మెరుపు. పాటకీ పాటకీ మధ్య ఉన్న సన్నటి నల్ల గీతలే వాళ్ళు ఊపిరి పీల్చుకున్న చోట్లు. ఇక లోపల, కాగితం చుట్టూ, గాడి లేని నున్నటి జాగా ఉంది చూశావా? అక్కడ గీకిన అంకెలుంటాయి. అచ్చు నంబరు. ఆ జాగాలో ఏదో మాట కూడా గీకించడం పంకు వాళ్ళకి సరదా అని నువ్వే చెప్పావు. సంతకం చెయ్యాలన్న తపన మనిషికి ఎప్పుడూ ఉంది.

1902లో కలకత్తాకి ఫ్రెడ్ గైస్‌బర్గ్ అని గ్రాంఫోను కంపెనీ మనిషి వచ్చి గౌహర్ జాన్ పాట పట్టాడు. మైకు లేదు, కరెంటు లేదు, పెద్ద బాకాలోకి మొహం పెట్టి అరిచి పాడాలి. పాట ముగిశాక ఆవిడ తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఇప్పుడు వింటే గర్వంతో చెప్పినట్టుంటుంది. గర్వమూ ఉండే ఉంటుంది. కానీ అసలు సంగతి, ఆ పట్టిన పాటలు ఓడ మీద జర్మనీలో హానోవర్‌కి వెళ్ళాలి, అక్కడ అచ్చు పడాలి. అక్కడివాళ్ళకి మన భాష రాదు. ఏ ప్లేటు మీద ఎవరి పేరు వెయ్యాలో తెలియాలంటే గొంతే పేరు చెప్పుకోవాలి. 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టాకే ఇక్కడ అచ్చు మొదలు. తర్వాత డమ్‌డమ్ వచ్చింది, నా చేతుల్లోంచి వెళ్ళిన ప్లేట్లలో చాలా వాటి మీద డమ్‌డమ్ అనే ఉండేది.

గౌహర్ జాన్ పేరు చెప్పుకోగలిగింది. చెప్పుకోలేనివాళ్ళ సంగతేమిటి? హరిశ్చంద్ర నాటకం కాటి సీను మీరు విన్నారు కదా, నా మొబైల్లో వేస్తుంటాను. బందరు డి.వి. సుబ్బారావు గారి గొంతు. ఆ శ్మశానం పద్యాలకు జనం ఒన్స్ మోర్ కొట్టి కొట్టి తెల్లవార్చేవారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ జనం గుండె పట్టుకున్న ఆ పద్యాల్లో ముఖ్యమైనవి గుర్రం జాషువా గారివి. ఆయన తన ఖండకావ్యంలో రాసుకున్నవాటిని నటులు తీసుకెళ్ళి నాటకంలో కలిపేశారు. ఎన్ని ఊళ్ళల్లో ఎంతమంది అవి బలిజేపల్లి వారివే అనుకుంటూ చప్పట్లు కొట్టారో! అంటరానివాడని బతుకంతా దూరంగా నిలబెట్టిన మనిషి పద్యాన్ని మాత్రం ఊరు నడిబొడ్డున వేదికెక్కించి పాడుకున్నారు. పేరు వేదికెక్కలేదు. ఈ మాట చెప్పుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ ఊళ్ళోనే పాత సంగతి ఒకటి. ఆనందరంగ పిళ్ళై ఇల్లు మీకు తెలుసు, గూబేర్ మార్కెట్టు దగ్గర. ఫ్రెంచి గవర్నరు డూప్లేకి దుబాసీ. ఆయన డైరీలు ప్రపంచమంతా చదువుతారు. ఆయన తెలుగు కవుల్ని పోషించాడు. కస్తూరి రంగకవి అని ఒకాయన తెలుగు ఛందస్సు మీద గ్రంథం రాసి ఆయనకి అంకితమిచ్చాడు, ఆ పుస్తకం పేరే ఆనందరంగరాట్ఛందము. పోషకుడి పేరు పుస్తకం నెత్తి మీద ఉంది. రాసినవాడి పేరు ఈ వీధిలో పదిమందిని అడగండి, ఒక్కరు చెబితే గొప్ప.

ఆఁ, ఇప్పుడు వెయ్యి పిడకలు. మెల్లగా.

అసలు చెప్పదల్చుకున్నది తమిళ కవి భారతి సంగతి. ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో ఆయన ఇంటికి మీ బడివాళ్ళు తీసుకెళ్ళారు కదా? 1908లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుంటారని మదరాసు వదిలి ఇక్కడికొచ్చాడు. ఫ్రెంచి గడ్డ కనుక వాళ్ళ పోలీసులు చెయ్యి వెయ్యలేరు. వచ్చీ రాగానే "ఇండియా" పత్రిక ఇక్కణ్ణుంచి వేయించడం మొదలెట్టాడు. ఇంగ్లీషువాళ్ళేం చేశారు? పత్రిక హద్దు దాటకుండా టపాలోనే ఆపేశారు. చదివేవాళ్ళంతా ఆ పక్కనుంటే పత్రిక ఎంతకాలం బతుకుతుంది? 1910లో ఆగిపోయింది. అయినా రాయడం ఆపలేదు. పదేళ్ళు ఈ ఊళ్ళో ఉప్పుగాలి పీల్చి, అప్పుల్లో మునిగి, గొప్ప కావ్యాలన్నీ ఇక్కడే రాశాడు. మన తెలుగంటే కూడా ఎంత ఇష్టమో, అది సుందరమైన భాష అని పాటలో పెట్టాడు. 1918లో హద్దు దాటగానే కడలూరు దగ్గర పట్టుకుని జైల్లో పెట్టారు.

బయటికొచ్చాక ఆయన ఒక పథకం వేశాడు. తన రాతలన్నీ నలభై సంపుటాలుగా అచ్చు వేస్తానని, ఒక్కోటీ వేలకి వేలు కాపీలు తీస్తానని, అప్పుగా పెట్టుబడి పెట్టమని తెలిసినవాళ్ళందరికీ ఉత్తరాలు రాశాడు. అగ్గిపెట్టెలు, కిరసనాయిలు అమ్ముడైనంత సులువుగా తన పుస్తకాలు ఇంటింటికీ చేరాలని ఆయన కోరిక. ఎంత చక్కటి కోరిక! పట్టు బట్ట కట్టి బీరువాలో పెట్టుకోవడానికి కాదు, రోజూ వాడుకోవడానికి. డబ్బు రాలేదు. 1921 సెప్టెంబరులో ట్రిప్లికేనులో పోయాడు. నలభయ్యేళ్ళు నిండలేదు.

పోయాక మొదలైంది అసలు కథ. ఇంట్లో పేదరికం. భార్య చెల్లమ్మ కొన్ని పుస్తకాలు వేసింది, నిలదొక్కుకోలేకపోయింది. 1928లో ప్రభుత్వం ఆయన పాటల పుస్తకాల్ని నిషేధించింది. నిషేధిస్తే పాట ఆగుతుందా, ఇంకా పాకింది. తర్వాత హక్కులు సవతి తమ్ముడి చేతికి వెళ్ళాయి. 1934లో రికార్డు మీద ఆ పాటలు వేసుకునే హక్కు విడిగా ఒక నగల వ్యాపారి కొనుక్కున్నాడు. చూశారా, పుస్తకం హక్కు ఒకటి, గొంతు హక్కు ఇంకొకటి అయ్యింది. అంటే ప్లేటు అనే సరుకు వచ్చాకే గొంతుకు విడిగా వెల కట్టారు. ఆ నగల వ్యాపారి దగ్గర్నుంచి ఏ.వి. మెయ్యప్పన్ గారు కొన్నారు. మన ఏవీఎం ఆయనే. ఆయన సినిమాల్లోకి రాకముందు చేసింది రికార్డుల వ్యాపారమే, మదరాసులో సరస్వతీ స్టోర్స్. ప్లేటు విలువ ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? 1947లో "నామ్ ఇరువర్" సినిమాలో డి.కె. పట్టమ్మాళ్ గారి చేత భారతి పాటలు పాడించారు. ఊరూ వాడా మోగిపోయాయి.

మంచిదే. కానీ ఇంకొకరు సినిమాలో పాడుకుంటే కుదరదన్నారు. టి.కె.ఎస్. సోదరులని పెద్ద నాటక కంపెనీ, వాళ్ళు తమ సినిమాలో భారతి పాట వాడితే ఏవీఎం వాళ్ళ నుంచి నోటీసు వెళ్ళింది. జనానికి అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. స్వరాజ్యం కోసం రాసిన పాట, జైళ్ళలో పాడుకున్న పాట, స్వరాజ్యం వచ్చాక ఒకరి ఇనప్పెట్టెలో ఉందా? రచయితలు, నటులు కలిసి భారతి విడుదల కోసం సంఘం పెట్టి ఊరూరా సభలు చేశారు. అప్పుడు మదరాసు ప్రధాని ఓమందూరు రామస్వామి రెడ్డియార్, మన పక్కనున్న తిండివనం వైపు మనిషి. 1949లో ప్రభుత్వం ఆ హక్కులు తీసుకుంది. మెయ్యప్పన్ గారు పైసా అడక్కుండా తన హక్కు వదులుకున్నారు, ఆ పెద్దమనసుని కూడా చెప్పాలి. తర్వాత కొన్నేళ్ళకి భారతి రాతలు అందరివీ అయ్యాయి. ఎవరైనా పాడొచ్చు, ఎవరైనా అచ్చు వెయ్యొచ్చు. మా కొట్లో ఆ పాటల ప్లేట్లు మోగుతుంటే దారినపోయే రిక్షావాళ్ళు నిలబడి గొంతు కలిపేవారు. ఆ పాటలు ఈ ఊరి గాలిలో పుట్టినవని వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు నీ పంకు దగ్గరికి వద్దాం. వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అని బడి పిల్లల బ్యాండు ఉండేదని చెప్పావు. 1980లో విడిపోయారు. కచేరీల్లో వచ్చిన డబ్బు ఎవరూ పంచుకోకుండా దాచి ఉంచారు, ఆరు వందల డాలర్ల పైచిలుకు. ఏం చెయ్యాలి? పంచుకుని సినిమాలు చూసెయ్యలేదు, వెయ్యి ప్లేట్లు అచ్చు వేయించారు. దానికోసమే సొంత కంపెనీ పెట్టారు, డిస్కార్డ్ అని. ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్. అట్ట తొడుగులకి డబ్బు చాలలేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక రికార్డు తొడుగు విప్పి, బల్లపరుపుగా పరిచి, దాని ఆకారం గీసుకుని, అలాగే అచ్చు వేయించి, ఇంట్లో కూర్చుని కత్తెరతో కత్తిరించి జిగురు పెట్టి అంటించారు! నువ్వది చదివినప్పుడు నాకు భారతి ఉత్తరాలు కళ్ళ ముందుకొచ్చాయి. ఆయనకి రాని పెట్టుబడి ఆ పిల్లలకి తమ పాకెట్లలోంచే వచ్చింది. ఆ డిస్కార్డ్ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది, వాళ్ళ ఊరి బ్యాండ్ల పాటలే వేస్తుంది, లాభం వాళ్ళతోనే పంచుకుంటుంది అన్నావు. ఎక్కువ ధర పెట్టి అమ్మకుండా రికార్డు వెనకే ధర అచ్చు వేసేవారట. ఇది నాకు ఎంతో నచ్చింది. పాట కొనే పిల్లాడి జేబు గురించి ఆలోచించిన కంపెనీ నేను నా అనుభవంలో చూడలేదు.

అదే ఊళ్ళో బ్యాడ్ బ్రెయిన్స్ అని నల్లవాళ్ళ బ్యాండు. పిడుగులా వాయిస్తారు. వాళ్ళ మొదటి ఆల్బం 1982లో వచ్చింది, ప్లేటు మీద కాదు, క్యాసెట్టు మీద. ప్లేటుకి ప్రెస్సు కావాలి, క్యాసెట్టుకి రెండు టేపురికార్డర్లు చాలు. మన దగ్గర గద్దర్ పాటలు ఊళ్ళల్లో తిరిగింది కూడా అలాగే. ఒక క్యాసెట్టు పదయ్యేది, పది వందయ్యేవి. ఇక్కడ వరుస కుదిరింది చూడండి, గొంతు నొక్కితే పాట చవకైన దారి వెతుక్కుంటుంది.

నన్ను పట్టి ఊపిందన్నానే, అది చెబుతాను. ఈ డిసెండెంట్స్ రికార్డులో పాటలు 1977 నుంచి 1980 లోపు రాసుకున్నవి. లాంగ్ బీచ్‌లో రెండు వీధులు కలిసేచోట ప్రాక్టీసు చేసేవారు, రికార్డుకి ఆ వీధుల పేరే పెట్టారు, "నైన్త్ అండ్ వాల్నట్". అప్పుడు వాళ్ళు ముగ్గురే. డ్రమ్స్ బిల్ స్టీవెన్సన్, బేస్ టోనీ లొంబార్డో, గిటారు ఫ్రాంక్ నవెట్టా. గొంతు మైలో తర్వాత వచ్చి చేరాడు. ఆ తొలి పాటల్లో చాలా వాటికి ఆల్బంలో చోటు దొరకలేదు. నవెట్టా ఒక దశలో విసిగిపోయి తన వాయిద్యాలు తగలబెట్టేసి, ఒరెగాన్ వెళ్ళి చేపలు పట్టుకు బతికాడు. మన వైత్తికుప్పంలో, కురుసుకుప్పంలో అలాంటి మనుషులు నాకు తెలుసు, ఒంట్లో పాట ఉండి కూడా వల మీదే బతుకు గడిపినవాళ్ళు. 2002లో పాత స్నేహితులు ముగ్గురూ మళ్ళీ కలిశారు. ఆ పాత పాటలు వాయించి టేపు చేశారు. పాడటం మాత్రం మిగిలిపోయింది. 2008లో నవెట్టా పోయాడు. టేపు అలాగే ఉంది. 2020లో, కరోనాతో లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు, మైలో కూర్చుని ఆ పాటలకి గొంతు కలిపాడు. 2021 జులైలో ప్లేటు వచ్చింది. కుర్రతనపు కోపం, నడివయసు చేతుల వాయిద్యం, దాదాపు అరవై ఏళ్ళ గొంతు. అందులో గిటారు మోగించిన మనిషి ఇప్పుడు లేడు. కానీ ప్లేటు మీద ఉన్నాడు, పేరుతో సహా. మైలో పీహెచ్‌డీ చేసి సైంటిస్టుగా ఉద్యోగం చేసినవాడు, ఆయనకి ఈ పాటల వల్ల వచ్చే కొత్త పేరు అక్కర్లేదు. స్నేహితుడి చేతిపని అటకెక్కి ఉండిపోకూడదనే కూర్చుని పాడి ఉంటాడని నా నమ్మకం.

మనకీ అలాంటిది ఒకటి ఉంది. ఘంటసాల భగవద్గీత. 1942లో జైలుకెళ్ళిన మనిషి, సినిమాల్లో శిఖరం చూసిన మనిషి, ఆరోగ్యం దెబ్బతిన్నాక గీత పాడి తీరాలనుకున్నాడు. పాడాడు. 1974 ఫిబ్రవరి 11న పోయాడు, యాభై రెండు నిండకుండానే. ఆ రికార్డు తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి చేరేనాటికి ఆయన లేడు. ఈ ఊళ్ళో మన తెలుగు ఇళ్ళకి ఆ ఎల్పీ వచ్చినప్పుడు ప్లేయరు సరిచెయ్యమని నన్ను ఎంతమంది పిలిచారో. అది ఇప్పుడు చావు ఇళ్ళల్లో మైకులో వేస్తున్నారు, నాకది నచ్చదు. ఆయన పాడింది బతికున్నవాళ్ళ కోసం.

వినైలు మళ్ళీ వచ్చిందంటే పాతవాళ్ళం సంతోషిస్తాం గానీ, ఈమధ్య కొన్నేళ్ళు ప్లేటు వేయించడం తేలిక కాలేదు. పాట చెక్కడానికి ముందు ఒక మెత్తటి లక్కరు పూత బిళ్ళ కావాలి. దాని మీద గాడి కోసి, వెండి చల్లి, నికెలు పోత పోసి అచ్చు దిమ్మ తీస్తారు. ఆ బిళ్ళలు చేసేవాళ్ళు ప్రపంచం మొత్తానికి ఇద్దరే ఉండేవారు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఉన్న ఫ్యాక్టరీ కాలిపోయింది. జపానులో ఉన్నదొక్కటే మిగిలింది. దాని మీద కరోనా. ఆపైన పెద్ద పెద్ద గాయనుల లక్షల కాపీలు ప్రెస్సుల ముందు వరసకట్టాయి. ఐదొందలు వేయించుకుందామన్న చిన్న బ్యాండు నెలల తరబడి కాచుకోవాల్సి వచ్చింది. వినైలుని బతికించి ఉంచింది ఎవరు? క్యాసెట్టు వచ్చినా, సీడీ వచ్చినా ఏడంగుళాల ప్లేటు వదలకుండా వేయించుకున్న ఈ పంకు పిల్లలే. బతికించినవాళ్ళని వరసలో వెనక్కి నెట్టారు. ఇది న్యాయం కాదు. మన దేశంలో డమ్‌డమ్ ప్రెస్సు ఎప్పుడో ఆగిపోయింది, ఈమధ్యే ముంబైలో ఒక ప్రెస్సు మళ్ళీ మొదలైందని మీ అన్నయ్య చెప్పాడు. శుభం. దగ్గరవుతుంది, రవాణా ఖర్చు తగ్గుతుంది.

అమ్మలూ, అందుకే నీతో ఓ మాట. జూన్ 21న సంగీతం పండగ రోజున అలియాన్స్ ఫ్రాన్సేజ్ వాళ్ళ దగ్గర మీ నలుగురూ వాయించడం నేను ఎండలో నిలబడి విన్నాను. ఆ మూడో పాట, మన తెలుగులో అరిచి పాడావే, మార్కెట్టు ఆడవాళ్ళ మీద, అది ప్లేటు వేయించదగ్గది. వేయిద్దాం. నా పింఛనులోంచి ఇస్తాను, మిగతాది మీరు కూడబెట్టుకోండి, ఆ టీన్ ఐడిల్స్ పిల్లల్లా ఎవరూ ముందు ముట్టుకోకండి. కానీ ప్రెస్సుకి పంపకముందు ఒక కాగితం రాసుకోండి. పాట ఎవరు రాశారు, బాణీ ఎవరు కట్టారు, డ్రమ్స్ ఎవరు, గిటారు ఎవరు, ఎవరికెంత వాటా. నలుగురూ సంతకాలు పెట్టండి, నలుగురి దగ్గరా ఒక్కో కాపీ ఉండాలి. అసలు టేపు, అదే, ఇప్పుడు మీరు హార్డు డిస్కులో పెట్టుకుంటారే, అది మన ఇంట్లో ఉండాలి, ఏ కంపెనీ బీరువాలోనూ కాదు. ఎవరైనా వచ్చి మొత్తం ఒకేసారి కొనేస్తాం, ఇదిగో డబ్బు అంటే సంతకం పెట్టకు, ముందు నాకు చూపించు. ఆ మార్కెట్టు ఆవిడ, మీ పాటకి మాట అందించిన చేపలావిడ, ఆవిడ పేరు కూడా అట్ట మీద వెయ్యాలి. ఆవిణ్ణి అడిగి, ఒప్పుకుంటేనే. రేపు సంక్రాంతి, మార్కెట్టు ఉండదు. ఎల్లుండి వెళ్ళి అడుగుదాం.